క్షీరౌదనం నుంచి సగ్గుబియ్యం వరకు: కోనసీమ పరమాన్నం కథ

మాఘ శుద్ధ సప్తమి నాటి ఉదయం కోనసీమలో తులసికోటల ఎదుట పిడకల నిప్పు మీద పాలు పొంగుతాయి. చిక్కుడుకాయలకు కొబ్బరి ఈనెలు గుచ్చి చేసిన చిన్న రథం మీద సూర్యభగవానుని ఆవాహన చేసి, కొత్తబియ్యంతో వండిన పరమాన్నాన్ని చిక్కుడు ఆకులలో నివేదిస్తారు. అదే నాడు వసిష్ఠ గోదావరి సాగరంలో సంగమించే అంతర్వేదిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామి వారి కల్యాణోత్సవాలు ఆరంభమవుతాయి. దశమి రాత్రి కల్యాణం, భీష్మ ఏకాదశి నాడు రథోత్సవం. సప్తమి నాడు పరమాన్నం వండిన ఇల్లాలే, నాలుగు రోజులు తిరగకముందే, స్వామి రథం కదిలే నాడు అన్నం ముట్టదు. పాలు అవే, గిన్నె అదే, పొయ్యి అదే. గింజ మాత్రం మారుతుంది. బియ్యం ఉండవలసిన చోట సగ్గుబియ్యం వచ్చి చేరుతుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక భీష్మ ఏకాదశి నాడు మా బంధువుల ఇంట ఒక వృద్ధురాలు ఆ పాయసపు గిన్నెను పక్కకు జరిపి, పౌరోహిత్యం చేసుకొనే తన మేనల్లుణ్ణి అడిగింది: “ఒరే నాయనా, ఈ సగ్గుబియ్యం మన ఋషులు ఎరుగుదురుట్రా? ఎరగని వస్తువు ఉపవాసానికి ఎట్లా పనికివచ్చిందీ?” ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆమె నవ్వలేదు. ఆ రోజు పాలు మాత్రమే పుచ్చుకొన్నది. ఎనభై ఏళ్ళు దాటిన దేహంతో, జీవితమంతా తప్పక చేసిన వ్రతం ఒక తెల్లని గింజ వల్ల భంగమవుతున్నదేమో అన్న శంకతో ఆకలికి ఓర్చుకొన్నది. ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే పరమాన్నం చరిత్రే ఎదురైంది.

పయస్సు అంటే పాలు. పయస్సుతో సంస్కరింపబడినది పాయసం. పాలతో వండిన భక్ష్యాన్ని చెప్పడానికి క్షీరశబ్దం నుంచి ‘క్షైరేయ’ శబ్దాన్ని సాధించే సూత్రం పాణిని అష్టాధ్యాయిలో ఉన్నది. ఉత్తరాదివారి ‘ఖీర్’ ఈ క్షీరశబ్దానికి సంతానమే. అమరసింహుడు పరమాన్నం, పాయసం రెండూ పర్యాయపదాలన్నాడు. అంతకంటె గమనింపదగినది ఆ మాటకు ఆయన ఇచ్చిన స్థానం. పాలు, పెరుగు, వెన్న మొదలైనవాటిని ఆయన వైశ్యవర్గంలో చేర్చాడు. పరమాన్నం అక్కడ లేదు. యజ్ఞపరిభాషను వివరించే బ్రహ్మవర్గంలో ఉన్నది. దాని సరసనే ఆమిక్ష, పృషదాజ్యం వంటి హోమద్రవ్యాలు. అంటే కోశకారుని దృష్టిలో పరమాన్నం వంటింటి పిండివంట కాదు, హవిస్సు. మనం పండుగనాడు దానిని ముందు దేవునికి పెట్టి తరువాత తినడం ఆ పాత సంబంధానికి మిగిలిన గుర్తు.

ఆ సంబంధం ఎంత పాతదంటే, ఋగ్వేదం 8వ మండలం 77వ సూక్తంలో విష్ణువు తెచ్చినవాటిని చెప్పేటప్పుడు నూరు మహిషాలతో పాటు క్షీరపాకమైన ఓదనం ప్రస్తావనకు వస్తుంది. బృహదారణ్యకోపనిషత్తు 6వ అధ్యాయంలో సంతానం కోరే దంపతులు తినవలసిన అన్నాలలో మొదటిది క్షీరౌదనం. పాలలో వండి నెయ్యి వేసిన అన్నం అది. వాల్మీకి రామాయణంలో పుత్రకామేష్టి నాటి పాయసం అందరూ ఎరిగినదే. దశరథుడు దానిని పంచిన లెక్క మాత్రం చాలమంది మరచిపోతారు. కౌసల్యకు సగం, సుమిత్రకు నాలుగవ వంతు, కైకేయికి ఎనిమిదవ వంతు ఇచ్చి, మిగిలిన ఎనిమిదవ వంతును ఆలోచించి మళ్ళీ సుమిత్రకే ఇచ్చాడు. ఇక సిద్ధార్థుడు కఠోర ఉపవాసాలు విడిచిన తరువాత సుజాత చేతి నుంచి స్వీకరించినది కూడా పాయసమే. ఉపవాసానికీ పాయసానికీ ఉన్న బంధం ఒక్క మతానికి చెందినది కాదని ఆ కథ చెబుతుంది.

ఈ శ్రౌతసంప్రదాయం పుస్తకాలకు పరిమితం కాని కొద్ది ప్రాంతాలలో కోనసీమ ఒకటి. అగ్నిహోత్రంలో సాయంప్రాతస్సులలో ఆహుతి ఇచ్చే ప్రధానద్రవ్యం పాలు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ నైప్ అనే ఆచార్యుడు కోనసీమ అగ్రహారాలలోని ఆహితాగ్నుల కుటుంబాలతో దశాబ్దాల పాటు పరిచయం పెంచుకొని, వారి జీవితాలను 2015లో ‘వేదిక్ వాయిసెస్’ అనే గ్రంథంగా వెలువరించాడు. మన ఊరి పక్క అగ్రహారంలో నిత్యం వెలిగిన అగ్నిని గురించి మనలో చాలమందికి ఆ పుస్తకం వచ్చిన తరువాతనే తెలియడం కొంచెం సిగ్గుపడవలసిన విషయం.

పాయసానికి పాలు కావాలి, బియ్యం కావాలి. ఈ రెండూ కోనసీమలో అనాదిగా పుష్కలమని ఇప్పటివారి ఊహ. కొబ్బరితోటలు, నిండు కాలువలు, మూరెడెత్తు వరిచేలు చూసినవారికి అట్లాగే అనిపిస్తుంది. చరిత్ర అట్లా లేదు. 1833 నాటి కరువు, 1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన గోదావరి మండలాన్ని కుంగదీశాయి. నది రెండు పక్కలా పారుతున్నా, వరద వస్తే మునక, రాకుంటే ఎండు. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. గన్నవరం వద్ద వైనతేయ నది మీదుగా కాలువనే దాటించిన అక్విడక్టు కూడా ఆ 1850ల ఆరంభపు కట్టడమే. దానితో రాజోలు వైపు లంకభూములకు నీరు చేరింది. గోదావరి స్నానవేళ సంకల్పంలో కాటన్ దొరను స్మరించిన వైదికులున్నారని ఇక్కడ చెప్పుకొంటారు. పితృదేవతలకు పాయసం పెట్టగలగడం ఎవరి వల్ల సాధ్యమైందో ఆ వైదికులకు తెలుసు. శ్రాద్ధంలో గోక్షీరంతో చేసిన పాయసం పితరులకు ఏడాది తృప్తినిస్తుందని మనుస్మృతి 3వ అధ్యాయం చెబుతుంది. పంట లేని ఏడు పితరులకు ఏమి పెట్టారన్నది మాత్రం స్మృతి చెప్పదు.

అంతకు ముందు పాలు ఎక్కడికి పోయేవి? కొంత సమాధానం గుడిగోడల మీద ఉన్నది. ద్రాక్షారామ శాసనాలలో అఖండదీపాల కోసం గోవులను, గొఱ్ఱెలను సమర్పించిన దానాలు కోకొల్లలు. ఆ పశువుల పాడి నుంచి వచ్చే నెయ్యి దీపానికి పోవాలి, మంద తరగకుండా ఉండాలి. పాడి అంటే గృహస్థుని సంపద మాత్రమే కాదు, ఆలయపు మూలధనం కూడా అన్నమాట.

ద్రాక్షారామాన్ని తలచుకొంటే శ్రీనాథుని భీమేశ్వరపురాణం గుర్తుకు రాకుండా ఉండదు. కాశిలో భిక్ష దొరకక ఆకలితో అలమటించిన వ్యాసుడు ఆ నగరాన్నే శపించబోతాడు. అన్నపూర్ణ ముత్తైదువ రూపంలో వచ్చి శిష్యసమేతంగా విందు పెడుతుంది. అయినా శివుడు క్షమించక కాశి నుంచి వెళ్ళగొడతాడు, వ్యాసుడు దక్షిణకాశి అయిన ద్రాక్షారామానికి వస్తాడు. వేదాలు విభజించిన మహర్షి రెండు పూటల ఆకలికి నిగ్రహం కోల్పోయాడు. తెలుగులో ఉపవాసం, పస్తు అని రెండు మాటలున్నాయి. మొదటిది కోరి చేసేది, రెండవది విధి చేయించేది. వ్యాసునిది పస్తు. పస్తులు ఎరిగిన సీమలోనే ఉపవాసానికి విలువ తెలుస్తుందేమో.

ఇక వండే విధానం. ఇది చదువరులలో కొందరికి తెలిసినదే కావచ్చు, అయినా ఇప్పుడు జారిపోతున్నది ఇదే కనుక కొంచెం నిదానంగా చెబుతాను.

పూర్వం పాలు పొయ్యి మీద కాక దాలిలో కాగేవి. పెరటిలో గుంట, అందులో పిడకలు, పైన కుండ. మంట ఉండదు, వేడి మాత్రం గంటల తరబడి ఉంటుంది. మధ్యాహ్నానికి పాలు లేత ఎరుపు తిరిగి, మీగడ అట్టు కట్టేది. చిక్కని పాయసం రహస్యం పిండిలోనో మసాలాలోనో లేదు, పాలలోని నీరు నెమ్మదిగా ఇగరడంలో ఉన్నది. గిద్దెడు బియ్యానికి రెండు తవ్వల పాలు, అంటే ఒకటికి పదహారు. ఇంత పాలా అని జంకి నీళ్ళు కలిపితే అది పాలు పోసిన అన్నం అవుతుంది కాని క్షీరపాకం కాదు.

బియ్యం కొత్తవై ఉండాలి. పాతబియ్యం మెతుకు మెతుకుగా విడిపోతుంది, భోజనానికి అదే మేలు. పరమాన్నానికి మెతుకు పాలలో కరగాలి. సంక్రాంతికి ఇంటికి చేరిన పంట రథసప్తమి నాటికి ఇంకా కొత్తదే. ఈ పండుగకు ఈ వంట ఎందుకు అమరిందో రైతును అడిగితే చెబుతాడు, ధర్మశాస్త్రం తిరగవేయనక్కరలేదు. అయితే బియ్యం వేళ్ళ మధ్య మెత్తగా నలిగే దాకా తీపి వేయకూడదు. ముందే వేస్తే గింజ బిగుసుకొని పోతుంది.

తీపిలోనే అసలు ప్రమాదం ఉన్నది. బెల్లంలో కొద్దిపాటి పులుపు ఉంటుంది. కుతకుతలాడే పాలలో బెల్లం వేస్తే పాలు విరుగుతాయి. అందువల్ల బెల్లాన్ని కొద్ది నీటిలో కరిగించి, ఇసుక పోయేట్లు వడగట్టి, పాకం కొంచెం చల్లారనిచ్చి, గిన్నె దించిన తరువాత కలపాలి. కళాయి పూసిన ఇత్తడి గిన్నె అయితే మంచిది. కళాయి పోయిన గిన్నెలో బెల్లపు వంట చేయరాదని పాతవారు కచ్చితంగా చెప్పేవారు. చివర ఏలకుల పొడి, చిటికెడు పచ్చకర్పూరం, నేతిలో వేయించిన జీడిపప్పు. కోనసీమ కనుక ఎండుకొబ్బరి పలుకులు తప్పవు. వినాయకచవితికి బియ్యప్పిండి తీగలతో చేసే పాలతాలికలకు కూడా ఇదే నియమం. అయినవిల్లి సిద్ధివినాయకుని సీమలో ఆ వంట రాని ఇల్లు అరుదు.

విరిగిన పాయసాన్ని చూసి కోడళ్ళు భయపడే రోజులుండేవి. వేడిపాలలో పెరుగు కలపగా విరిగి ముద్దకట్టిన భాగమే ఆమిక్ష. చాతుర్మాస్య యాగాలలోని వైశ్వదేవపర్వంలో అది విశ్వేదేవతలకు హవిస్సు, దాని నుంచి దిగిన తేటనీరు వాజినం. అమరకోశంలో పరమాన్నం పక్కనే ఆమిక్ష ఉండడం చూసినప్పుడల్లా నాకు ఆ కోడళ్ళు గుర్తుకు వస్తారు. అత్తగారికి ఈ సంగతి చెప్పి ఉంటే తిట్లు తప్పేవని కాదు కాని, ఒక దేవతకు దోషమైనది వేరొక దేవతకు హవిస్సు కావడం ఆలోచింపదగినదే.

ఇప్పుడు వృద్ధురాలి ప్రశ్న. ఏకాదశి నాడు పాపాలు అన్నాన్ని ఆశ్రయించి ఉంటాయని పురాణవచనం. అందువల్ల ఆ నాడు ధాన్యం నిషిద్ధం. మన ఇళ్ళలో ఈ నిషేధం ఎట్లా సడలిందో ‘ఫలహారం’ అన్న మాటే సాక్ష్యం చెబుతుంది. ఫలాలు ఆహారంగా తీసుకోవడం దాని అర్థం. నేడు ఉప్మా ఫలహారం, ఇడ్డెన ఫలహారం, అట్టు ఫలహారం. బియ్యాన్ని రవ్వగా విసిరితే పాపం ఎగిరిపోతుందని ఏ పురాణమూ చెప్పలేదు. సేమ్యా పాయసం తిని ఉపవాసం ఉన్నామనుకొనేవారు గోధుమ కూడా ధాన్యమేనని గుర్తించాలి.

మరి సగ్గుబియ్యం? పేరులో బియ్యం ఉన్నా అది ధాన్యం కాదు. ‘సగ్గు’ శబ్దానికి మూలం మలయ్ భాషలోని ‘సాగు’. తూర్పు ద్వీపాలలో పెరిగే ఒక తాళజాతి వృక్షపు కాండంలోని పిండితో చేసిన పూసలు ఓడల మీద మన రేవులకు వచ్చేవి. ఇప్పుడు మనం తినేది అదీ కాదు, కర్రపెండలం దుంప నుంచి తీసిన పిండి. ఆ దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసువారి ద్వారా మన పడమటి తీరానికి వచ్చింది. తిరువాన్కూరును 1880 నుంచి 1885 వరకు ఏలిన విశాఖం తిరునాళ్ మహారాజు దాని సాగును ప్రోత్సహించాడు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో తూర్పు దేశాల సరకు ఆగిపోవడంతో సేలం ప్రాంతంలో ఈ దుంప నుంచి సగ్గుబియ్యం చేసే పరిశ్రమ నిలదొక్కుకొన్నది. మన వైపు పెద్దాపురం, సామర్లకోట మెట్టభూములు కర్రపెండలానికీ, సగ్గుబియ్యం మిల్లులకూ ప్రసిద్ధి. కోనసీమ పల్లపునేలలో ఆ దుంప పండదు, పాయసం మాత్రం ఉడుకుతుంది.

కనుక ఋషులు దానిని ఎరుగరు. వృద్ధురాలి శంక చారిత్రకంగా నూటికి నూరుపాళ్ళు సరి అయినది. కాని నిర్ణయం అక్కడితో ముగియదు. వ్రతానికి భంగం కలిగించనివి ఎనిమిది అని మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు లెక్కపెట్టాడు: నీరు, మూలం, ఫలం, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యం, ఔషధం. సగ్గుబియ్యపు పాయసంలో ఉన్నవి ప్రధానంగా పాలు, మూలం. ఎనిమిదింటిలో రెండు. శాస్త్రం వస్తువుల పేర్లు కాక జాతులు చెప్పింది, మూలజాతికి చెందిన కొత్త దుంప ఆ లెక్కలో చేరడానికి అభ్యంతరం కనిపించదు. హవిస్సు కూడా ఆ ఎనిమిదిలో ఉన్నది కదా, అప్పుడు నివేదించిన పరమాన్నం తినవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. అది చెల్లదు. సామాన్యశాస్త్రాన్ని విశేషశాస్త్రం బాధిస్తుందని మీమాంసకుల న్యాయం. ఎనిమిది మినహాయింపులు సర్వవ్రతాలకు సామాన్యం, ధాన్యనిషేధం ఏకాదశికి విశేషం. అట్లాగే చాతుర్మాస్యంలో మూడవ మాసం క్షీరవ్రతం పట్టినవారికి పాలే నిషిద్ధం. ఆ నెలలో నవరాత్రులు వచ్చినా వారు పాయసం ముట్టరు.

పూర్వులు ఎరగని వస్తువన్న కారణంతోనే సగ్గుబియ్యాన్ని తోసివేస్తే మరొక చిక్కు ఉన్నది. పరమాన్నం మీద మెరిసే జీడిపప్పు కూడా బ్రెజిలు నుంచి పోర్చుగీసువారు తెచ్చినదే. అంతర్వేదికి దగ్గరలోని మోరి గ్రామం ఆ జీడిపప్పుకే పేరుపడ్డది. దానిని ఎవరూ శంకించరు. నాలుకకు నచ్చినదానికి ప్రాచీనత్వం త్వరగా లభిస్తుంది.

ఈ చరిత్రలో మరొక భాగం ఉన్నది, దానిని దాటవేయడం న్యాయం కాదు. వరి నాటినవారు, కోసినవారు, నూర్చినవారు అందరూ ఆ బియ్యంతో అయిన నైవేద్యాన్ని గర్భగుడి ఎదుట నిలిచి అందుకోగలిగేవారు కాదు. మద్రాసు రాజధానిలో ఆలయప్రవేశ చట్టం 1947లో వచ్చింది. అంతవరకు కోనసీమ ఆలయాలలో ప్రసాదం ప్రాకారం దాటి అందరికీ చేరలేదు. పరమాన్నాన్ని హవిస్సు అని గర్వంగా చెప్పుకొనే మనం, ఆ హవిశ్శేషం ఎవరి దాకా పోలేదో కూడా చెప్పుకోవాలి.

ఆ కాలంలోనే లంకల గన్నవరంలో ఒక ఇంటి పొయ్యి ఆరలేదు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మ గారు, వేళ కాని వేళ వచ్చిన వారికైనా, కులమేదని అడగక, అన్నం పెట్టారని ఈ సీమ తరతరాలుగా చెప్పుకొంటున్నది. ఆమె ఒకసారి అంతర్వేది తీర్థానికి బయలుదేరారట. దారిలో ఎదురైన ప్రయాణికులు, సీతమ్మ గారి ఇల్లు చేరితే ఆకలి తీరుతుందని తమ పిల్లలను ఊరడించడం చెవిన పడి, స్వామిదర్శనం మాని వెనుదిరిగి వచ్చి వారికి వండి పెట్టారట. కథలోని ప్రతి వివరం ఎట్లా ఉన్నా, సీతమ్మ గారి పేరు గన్నవరంలోని కొత్త అక్విడక్టుకు పెట్టారు. కాటన్ కాలపు పాత అక్విడక్టు పక్కనే అది ఉన్నది. ఒకటి నీటిని దాటించింది, ఆ నీటితో పండినదాన్ని ఆమె పంచింది.

రథసప్తమి నాడు పిడకల మీద పాలు పొంగించడం అమలాపురం, కొత్తపేట, రాజోలు ఇళ్ళలో ఇంకా కనిపిస్తున్నా, ఊరు విడిచినవారు మేడ మీది ఇరుకు వసారాలలో గ్యాసుపొయ్యితో సర్దుకొంటున్నారు. పొట్లపు పాలు దాలి పాలలాగ ఎరుపు తిరగవు. దానికి ఉపాయంగా డబ్బాలోని చిక్కటి పాలు కలిపేవారున్నారు. రుచి వస్తుంది, కాని ఆ పాలలో పంచదార ముందే ఉంటుంది కనుక బియ్యం పూర్తిగా ఉడికిన తరువాత మాత్రమే కలపాలని గుర్తుంచుకోవాలి.

విదురుని ఎనిమిది మినహాయింపుల సంగతి ఆ వృద్ధురాలికి మరుసటి ఏడు భీష్మ ఏకాదశి నాడు చెప్పాను. ఓపికగా విన్నది. మూలం, పాలు అని వేళ్ళ మీద రెండు సార్లు లెక్కపెట్టుకొన్నది. తరువాత వంటింటి వైపు తిరిగి, “ఆ గిన్నె ఇటు తీసుకురండమ్మా” అని, ఒక క్షణం ఆగి, “జీడిపప్పు మాత్రం తీసివేసి పెట్టండి. అది రుచి కోసం వేసిందేగా” అన్నది.